రాణి కాలు కింద పెట్టలేదు

షోలాపూర్ నుంచి హైదరాబాద్ పోయే బస్సు హుమ్నాబాద్ దాటాక మన్నాఏఖేళ్ళిలో దింపుతుంది. అక్కడ మా అక్కవాళ్ళ ఇల్లు. మా బావ రాణిని పెళ్ళి బారాతులకు తోలుతాడు. రాణి అంటే తెల్ల ఆడగుర్రం. మూడేళ్ళ కింద నాందేడ్ జిల్లా మాళేగాంవ్ ఖండోబా జాతరలో కొన్నాడు. ఖండోబా అంటే మన మైలారం మల్లన్నే, గుర్రమెక్కే దేవుడు. ఆయన జాతరలో కొన్నది అచ్చొస్తుందని బావ నమ్మకం. దాన్ని కొనడానికి సంఘంలో తీసుకున్న అప్పు మాత్రం ఇంకా తీరలేదు.

పోయిన వైశాఖంలో సెలవు దొరికి రెండు రోజులు ఉందామని పోయాను. తెల్లారి లేచేసరికి రాణి కొట్టంలో మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. ఎడమ ముందరికాలు ఎత్తి, గిట్ట కొస మాత్రం నేలకు ఆనిస్తోంది. ముందురోజు రాత్రి బారాత్ నుంచి బాగానే నడిచొచ్చింది. బావ మొహం చూడలేకపోయాను. ఆ సాయంత్రం ఒక బారాత్, మర్నాడు ఇంకొకటి. రెండింటికీ బయానా తీసుకున్నాడు.

చుట్టుపక్కలవాళ్ళు చేరారు. "భుజం జారింది" అన్నాడొక పెద్దాయన. ఇంకొకాయన వాత పెట్టాలని కొడవలి కాల్చమన్నాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? నా నడుం నొప్పికి డాక్టరు రాసిచ్చిన గోలీలు సంచిలో ఉన్నాయి. "బావా, నాలుగు గోలీలు బెల్లంల కలిపి పెడదాం. నొప్పి తగ్గితే సాయంత్రం మెల్లగ నడిపించొచ్చు, బయానా వాపసు ఇచ్చే పనుండదు" అన్నాను. మంచే చెప్తున్నాననుకున్నాను.

మా అక్క బీడీల చాట పక్కన పెట్టి లేచింది. "నువ్వు సాంచెల మీద పని చేసెటోనివే గదరా తమ్మీ. పోగు తెగితే సాంచె ఆపుతవా, నడిపిస్తవా? నోరులేనిది కాలు ఎత్తి సూపెడ్తుంటే గోలీ ఏసి నడిపిస్తవా?" అంది. నాకు నోట మాట రాలేదు. అక్కే 1962 కి ఫోను చేయించింది. పశువుల డాక్టరు బండి కోసం చేసే నంబరు అది, డబ్బు ఖర్చు లేదు. మన మహారాష్ట్రలోనూ, ఇటు తెలంగాణ, ఆంధ్రలోనూ అదే నంబరు. ఆవులు, బర్రెలకే అనుకునేవాణ్ణి.

డాక్టరు ఫోనులోనే అడిగిన ప్రశ్నలు నాకు బాగా గుర్తున్నాయి. ఏ కాలు? బరువు ఆనిస్తోందా? కాలు వంకరగా వేలాడుతోందా? ఎక్కడైనా గాయం ఉందా? నాడాలు ఎప్పుడు కొట్టించారు? నిన్న ఏం తిన్నది? గిట్ట మీద చెయ్యి పెట్టి చూడండి, రెండో గిట్ట కంటే వేడిగా ఉందా? అప్పటిదాకా అందరం భుజం పిసుకుతున్నామే గానీ గిట్ట ముట్టినవాడు ఒక్కడూ లేడు. బావ చెయ్యి పెట్టాడు. ఎడమది కాలిపోతోంది. నాడాలు కొట్టించి అయిదు రోజులైంది.

"నడిపించకండి, గోలీలు వెయ్యకండి, వాత జోలికి పోకండి, నీళ్ళు ముందు పెట్టండి, వస్తున్నా" అన్నాడాయన.

మధ్యాహ్నం లోపలే వచ్చాడు. గిట్ట పైన ఉండే కీలు వెనక వేళ్ళు ఆనించి నాడి చూశాడు. నా వేళ్ళు కూడా పెట్టించాడు. కుడికాలికి వెతికితే గానీ దొరకలేదు, ఎడమకాలికి మాత్రం టకటకా కొట్టుకుంటోంది. తర్వాత పెద్ద పటకారు లాంటి దానితో గిట్టను చుట్టూ కొంచెం కొంచెం నొక్కుతూ పోయాడు. ఒక మేకు దగ్గర రాణి ఒక్కసారిగా కాలు గుంజుకుంది. నాడా మెల్లగా ఊడదీశాడు. మిగతా మేకులు పొడిగా ఉన్నాయి, ఆ ఒక్కటి తడిగా, నల్లగా ఉంది. అక్కడ కత్తితో సన్నగా తొలిస్తే నల్లటి చీము బయటికొచ్చింది. కాసేపటికి రాణి ఊపిరి నిమ్మళించింది.

మేకు గిట్టలో బతికున్న భాగానికి తగిలితే లోపల చీము పడుతుందట. గోడలాంటి గట్టి గిట్ట లోపల చీము ఉబ్బడానికి చోటు లేక గుర్రం కాలు మోపలేదు, చూసేవాళ్ళు ఎముక విరిగిందేమో అనుకుంటారు. గుర్రానికి ఉన్నట్టుండి అంత కుంటు రావడానికి ఎక్కువసార్లు కారణం గిట్టలోనే ఉంటుందని డాక్టరు చెప్పాడు. గుర్రం బరువులో నూటికి అరవై వంతులు ముందరికాళ్ళే మోస్తాయి. నా గోలీల సంగతి చెప్తే తల అడ్డంగా ఊపాడు. మనుషుల మందులు గుర్రం కడుపును, కిడ్నీలను పాడు చేస్తాయి. నొప్పి తెలియక అది దెబ్బతిన్న కాలి మీదే బరువు వేస్తుంది. ఎముక చిట్లి ఉంటే ఆ నడకతోనే పూర్తిగా విరిగిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది ధనుర్వాతం మాట. గుర్రానికి వచ్చినంత సులువుగా అది ఇంకే పశువుకూ రాదట. వచ్చిందంటే బతకడం కష్టం. రాణికి ఎప్పుడు సూది వేయించామో బావకు గుర్తులేదు. అప్పుడే వేశారు. కట్టు కట్టడానికి దూది, పైన చంటిపిల్లల డైపరు, దాని మీద గట్టి టేపు. డైపరు కోసం నేనే కొట్టుకు పరుగెత్తాను. రోజూ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టి కట్టు మార్చమన్నారు. రెండు రోజుల్లో తేడా లేకపోతే బీదర్ నందినగర్‌లోని పశువైద్య కళాశాలకు తీసుకురమ్మన్నారు.

అన్ని కుంట్లూ ఇంత సులువుగా తేలవు. బారాత్‌లో జనం ప్రేమకొద్దీ మిఠాయిలు, శనగలు, మిగిలిన అన్నం పెడతారు. అది ఎక్కువైతే గిట్టల లోపలి పొర వాస్తుంది. అప్పుడు రెండు ముందరికాళ్ళూ ముందుకు చాపి, వెనక్కి వాలి నిలబడుతుంది. డాక్టరు వచ్చేదాకా గిట్టలను ఐసునీళ్ళలో పెట్టి కదలకుండా ఉంచాలి. ఆలస్యమైతే గిట్ట లోపలి ఎముక కిందికి తిరుగుతుంది, ఆ తర్వాత ఆ గుర్రం పనికి తిరిగి రావడం అరుదు. కాలు వేలాడితే మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకూడదు. రోడ్డు మీది మేకు గుచ్చుకుంటే, అది ఇంకా లోపలికి దిగే ప్రమాదం లేనప్పుడు, డాక్టరు వచ్చేదాకా పీకకపోవడమే మేలు. ఎటు పోయిందో చూస్తేనే ఎంత లోతో తెలుస్తుంది.

2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు 3.4 లక్షలే తేలాయి, 2012లో 6.25 లక్షలు ఉండేవి. గుర్రాలతో పాటు వాటిని తెలిసిన మనుషులూ తగ్గిపోయారు. నైజాం నాటి ముసలివాళ్ళు గుర్రాల వైద్యుణ్ణి సాలోత్రి అనేవాళ్ళు. ఇప్పుడా మాట అంటే మా మిల్లు వస్తీలో పిల్లలకు తెలియదు.

నాడాలు కొట్టినతను సాయంత్రం వచ్చాడు. తిడదామనే నిలబడ్డాను. అతను కట్టు చూసి కింద కూర్చుండిపోయాడు. గుర్రం కాలు కదిపితే మేకు దారి తప్పుతుంది, ఎంత చెయ్యి తిరిగినవాడికైనా జరుగుతుంది. తిట్టలేకపోయాను. అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదని మాత్రం అన్నాను.

బావ రెండు బయానాలూ వాపసు ఇచ్చాడు. పెళ్ళివాళ్ళు ఒకరు నానా మాటలు అన్నారు, జహీరాబాద్ నుంచి వేరే గుర్రం పిలిపించుకున్నారు. మూడు వారాలు రాణి పనికి పోలేదు, సంఘం కిస్తు తప్పింది. ఒక కిస్తు నేను కట్టాను. అక్క వద్దంది గానీ తీసుకుంది.

నాలుగో రోజు రాత్రి నేను షిఫ్టు దిగే వేళకు బావ ఫోను చేశాడు.

"బామ్మర్దీ, కాలు కింద పెట్టింది."

"నాలుగు కాళ్ళ మీద నిలబడ్డదా బావా?"

"నిలబడుడు కాదు, నీళ్ళ బకీటు తన్నింది. మీ అక్క చీరంత తడిసింది" అన్నాడు.