రక్తదాతయు పూర్వపు కామెరలును

నెల్లూరు తీరమునందలి మైపాడు, ముత్తుకూరు మొదలగు గ్రామములలో కాన్పు కష్టమైన స్త్రీకి గాని, గాయపడిన కూలికి గాని రక్తము కావలసివచ్చినప్పుడు ఊరి యువకులు పట్టణమునకు పోయి దానము చేయుట మన మెఱిగినదే. అచ్చట వారి నడుగు ప్రశ్నలలో నొకదానిని మన సభ్యులు చక్కగ గ్రహింపవలసియున్నది. "మీకు పూర్వమెప్పుడైనను పచ్చకామెరలు వచ్చినవా?" చిన్ననాటి మాట యిప్పుడెందుకని కొందఱు లేదని చెప్పుదురు. దానివలన రక్తము పుచ్చుకొను రోగికి ముప్పు కలుగవచ్చును.

కామెర యొక లక్షణమేగాని ఒకే వ్యాధి కాదు. కలుషజలమువలన వచ్చు హెపటైటిస్ ఎ, ఇ యనునవి సాధారణముగ కొన్ని వారములలో పోవును. హెపటైటిస్ బి యట్టిది కాదు. అది రక్తమువలనను, శుద్ధిచేయని సూదులవలనను, ఒకరికి వాడిన మంగలికత్తివలనను, స్త్రీపురుష సంపర్కమువలనను, ప్రసవసమయమున తల్లినుండి బిడ్డకును సంక్రమించును. కలసి భుజించుటచే రాదు. కామెరలవానికి లోకమంతయు పచ్చగ దోచునని సామెత గలదు. కాని యీ వ్యాధి సోకిన పెక్కుమందికి కన్నులు సయితము పచ్చబడవు.

దీని జాడను 1965లో బ్లంబర్గను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. ఆస్ట్రేలియా ఆదిమవాసి యొకని రక్తమున కనబడిన వింతపదార్థము ఈ క్రిమి పైపొరలోనిదని పిమ్మట తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నేడు రక్తనిధులలో చేయు పరీక్ష యా పైపొర పదార్థమును వెదకునదే.

మన సంఘపు లెక్కలతో పోల్చినచో విషయము సులభముగ బోధపడును. పైపొర పదార్థము నేడున్న బాకీ వంటిది. అది కనబడినచో వ్యాధి యిప్పుడున్నదని యర్థము. కోర్ యాంటిబాడీ యనునది పాతపద్దు. బాకీ తీఱినను, ఒకప్పుడు అప్పు పుచ్చుకొనినట్లు ఆవర్జాలో నుండిపోవును. టీకా వేయించుకొనినవాడు అప్పు చేయనివాడు. వానికి రక్షణ యుండును గాని పాతపద్దుండదు.

వయసువచ్చిన పిమ్మట వ్యాధి సోకినవారిలో మిక్కిలి యెక్కువమంది తేరుకొందురు. అయినను వారి కాలేయమున క్రిమిబీజము దాగియుండును. అరుదుగ నది పైపొర పరీక్షకు చిక్కనంత కొద్దిగ రక్తమున చేరును. క్రొత్తగ సోకినవారియందును మొదటి కొన్ని వారములు పరీక్షకు దొరకదు. అమెరికా, జపాను దేశములలో పాతపద్దును గూడ పరీక్షింతురు. మన దేశమున పైపొర పరీక్షయే నిర్బంధము. పూర్వము వ్యాధి సోకినవారు పెక్కుమంది యున్నచోట వారినందఱను త్రోసివేసినచో రక్తమునకే కఱవు కలుగును. కొన్ని రక్తనిధులు మాత్రము క్రిమి జన్యుపదార్థమును వెదకు నాట్ పరీక్షను గూడ చేయుచున్నవి. కావున దాత చెప్పు నిజము పరీక్షతో సమానమైన విలువ గలది.

2017 నాటి నిబంధనల ప్రకారము హెపటైటిస్ బి లేక సి వచ్చినవారు ఎన్నడును రక్తమీయరాదు. ఎ లేక ఇ వచ్చినవారు పండ్రెండు మాసములు ఆగి యీయవచ్చును. ఏ రకమో తెలియనివారిని గూడ శాశ్వతముగ విడిచిపెట్టుదురు. కావున కామెర వచ్చినప్పుడు ఆకుపసరుతో సరిపెట్టుకొనక, పరీక్ష చేయించి, ఆ కాగితమును పట్టాదారు పుస్తకమువలె భద్రపఱచుకొనవలెను. 2018లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఈ పరీక్షయు మందులును ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగ లభించును.

బిడ్డ పుట్టిన ఇరువదినాలుగు గంటలలో టీకా వేయించుట తల్లిదండ్రుల విధి. ఈ టీకాను మన దేశమున తొలుత తయారుచేసి 1997లో విక్రయమునకు తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థాపకులు శ్రీ వరప్రసాదరెడ్డిగారు నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెమువారగుట మనకు గర్వకారణము.

రక్తము పనికిరాదని వైద్యుడు చెప్పుట అవమానము కాదు. మొలకెత్తని విత్తనమును తెలిసి పొరుగువాని కిచ్చు రైతు మనలో లేడు. రక్తము విషయమునను అట్లే మెలగుడు. ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఈయదగినవారు తప్పక యీయుడు; తగనివారు ఆరోగ్యవంతుడగు తమ్మునినో మిత్రునినో వెంటగొనిపోవుడు.