భోజనమునకు అరగంట

మనుజుడు పాటుపడునది కూటికొఱకే యని పెద్దలందురు. కాని నేడు పాటుపడు తొందరలో ఆ కూడు తినుటకే తీరిక చిక్కకుండుట విపరీతము. కదిరి పట్టణమున ప్రాతఃకాలమందు బస్సు స్టాండు ప్రాంతమునకు పోయి చూచినచో ఈ మాట తేటపడును. ధర్మవరమునకో, హిందూపురమునకో, బెంగుళూరునకో పోవువారు బండికడ నిలుచుండియే ఉగ్గానియు బజ్జీలును ముగింతురు. దృష్టి చేతిలోని ఫోనునందు, చెవి కండక్టరు కేకయందు. ఏమి తినిరో, ఎంత తినిరో వారి నాలుకకు గాని కడుపునకు గాని తెలియదు. మధ్యాహ్నము అంగటిలోనో కచేరిలోనో పది నిమిషములలో తెల్లన్నము. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట టెలివిజను నెదుట మరల తెల్లన్నము. ఇది కదిరివారి దోషము మాత్రమే కాదు; దేశమంతటను ఇట్లే యున్నది. అయినను ఈ సీమను గూర్చియే మేము వ్రాయుటకు హేతువు గలదు. మంచి తిండి యెట్లుండవలెనో ఇరుగుపొరుగుల నుండి నేర్చుకొనవలసిన యగత్యము వీరికి లేదు; అది వీరి పొలములందే పుట్టినది.

ఈ ప్రాంతమున సాలుకు కురియు వాన సగటున సుమారు 55 సెంటీమీటర్లు. వరి పండునది చెరువుల క్రిందను, బావుల క్రిందను మాత్రమే. తక్కిన పొలములలో రాగులు, కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఆరికలు, వానితోడుగా ఉలవలు, కందులు, అనుములు పండించుకొని మన పెద్దలు బ్రతికిరి. రాగిసంగటి ముద్ద, పుంటికూర పప్పు, ఉలవచారు, చెనక్కాయల ఊరిబిండి, కడపట మజ్జిగ: ఇదియే ఈ సీమ భోజనము. వరియన్నము పండుగనాటి భాగ్యముగా నుండెను.

గతకాలమును గుడ్డిగా పొగడుటకు మేము పూనుకొనలేదు. ఆ సంగటియు దొరకని దినములను ఈ గడ్డ ఎఱుగును. 1876-78 నాటి మహాక్షామమున సహాయపు పనులకు వచ్చిన పురుషునికి దినమునకు ఒక పౌను ధాన్యమును, దానితో స్వల్పమైన రొక్కమును చాలునని సర్ రిచర్డు టెంపిల్ 1877లో నిర్ణయించెను. కాయకష్టము చేయువానికి అది చాలదని మదరాసు రాజధాని ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. అన్నము ఎంత యుండవలెనను చర్చ మన ప్రజల ప్రాణముల మీద జరిగిన దినములవి. అట్టి కఱవుసీమకు 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము నిచ్చినప్పుడు పేదవాని యింట ప్రతిదినము వరియన్నము ఉడుకుట చిన్న సంగతి కాదు. ఆకలి నెఱిగినవాడెవ్వడును దానిని నిందింపజాలడు.

అయినను ఒక కీడును మాన్పిన మందే మోతాదు మీఱినచో వేఱొక కీడును తెచ్చును. 2013 నాటి ఆహార భద్రతా చట్టము బియ్యమునకు 3 రూపాయలు, గోధుమలకు 2 రూపాయలు, ముతక ధాన్యములకు 1 రూపాయి చొప్పున వెల వ్రాసినది. చట్టమున మూడును గలవు. మన చౌక డిపోల సంచులలో మాత్రము చిరకాలము బియ్యమే నిండెను. అటు పొలమునందు వేరుసెనగ విస్తరించెను. ఒకప్పుడు అనంతపురము జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు మించి ఆ పంటయే వేసిరి. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానమున పుట్టిన కదిరి-3, కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి మున్నగు రకములు ఈ ఊరి పేరును దూరదేశములందలి రైతులకును తెలిపినవి. కాని రైతు కాయలను విక్రయించి, ఆ సొమ్ముతో మిక్కిలి పాలిషు పట్టిన బియ్యమును, పరదేశపు పామాయిలును కొని తెచ్చుకొనుచున్నాడు. పావువంతునకు దగ్గరగా మాంసకృత్తులు గల గింజ ఊరు దాటిపోవుచుండగా, పిండిపదార్థమే ప్రధానమైన గింజ ఇల్లు చేరుచున్నది.

దీని ఫలమెట్టిదో లెక్కలే చెప్పుచున్నవి. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి పరిశీలన ప్రకారము దేశమున పెద్దలలో 11.4 శాతము మంది మధుమేహముతో నున్నారు. సంఖ్య 10 కోట్లు దాటినది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య పరిశీలనలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో 58.8 శాతము మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఒక యింటనే తండ్రికి చక్కెర వ్యాధి, తల్లికి రక్తలేమి! ఒకే కుండలోని అన్నము ఒకరికి అధికమై, వేఱొకరికి సారము చాలనిదై యుండుటయే ఈనాటి మన దురవస్థ.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరులో మెకారిసన్ దొరగారి పరిశోధనలతో ఆరంభమై 1958లో మన తెలుగుగడ్డకు వచ్చినది. ఆ సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలను చూడుడు. 100 గ్రాముల రాగులలో సున్నపు ధాతువు 350 మిల్లీగ్రాములకు మించి యుండగా పాలిషు బియ్యమున 10 మిల్లీగ్రాములైనను లేదు. పీచు రాగులలో సుమారు 11 గ్రాములు. బియ్యమున 3 గ్రాములకు లోపు. ఉలవలలో మాంసకృత్తులు 20 గ్రాములు దాటును. కావుననే ముద్దకు ఉలవచారును, పప్పును, ఆకుకూరయు జతచేసిన మన యవ్వల తెలివి కొనియాడదగినది.

కాని రాగి యను పేరు వినిన మాత్రమున రోగములు పాఱిపోవునని భ్రమపడరాదు. మెత్తని పిండిని జావకాచి బెల్లముతో గ్లాసుల కొలది త్రాగినచో మధుమేహమునకు మేలు కలుగదు. సంగటియైనను మితము తప్పరాదు. మందు వాడువారు వైద్యుని యడుగక తిండి మార్చరాదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట అంగళ్లలో వాని పేరిట బిస్కత్తులు, అటుకులు వెల్లువలుగా వచ్చినవి. పొట్లము వెనుక పదార్థములను బరువు ననుసరించి, ఎక్కువైనది మొదటగా వ్రాయవలెనను నిబంధన గలదు. మొదట మైదాయు, పిదప చక్కెరయు, అట్టడుగున రాగియు నుండినచో అది రాగి బిస్కత్తు కాదు, రాగి పేరు పెట్టుకొన్న మైదా బిస్కత్తు.

ఇక ముఖ్య విషయము. ఏమి తినవలెనను దానికంటె ఎట్లు తినవలెనను దానిని మనము మఱచితిమి. కడుపు నిండినదని మెదడునకు తెలియుటకు ఇంచుమించు ఇరువది నిమిషములు పట్టునని వైద్యులు చెప్పుదురు. పది నిమిషములలో ముగించువాడు ఆ కబురు చేరకమునుపే రెండవమాఱు వడ్డించుకొనును. దృష్టి ఫోనునందున్నచో కబురు చేరినను వినువాడు లేడు. గాంధీమహాత్ముడు 1915లో హరిద్వారమున దినమునకు ఐదు పదార్థములకు మించి తినననియు, చీకటిపడిన పిదప భుజింపననియు వ్రతము పట్టెను. అంత కఠిన నియమమును మేము ఎవ్వరికిని విధింపము. అరగంట చాలునందుము.

ఆ అరగంటలో ఇంటివారందఱు కలిసి కూర్చుండవలెను. అందఱు అనగా ఇల్లాలును అని మా భావము. మన యిండ్లలో ఆమె అందఱికి వడ్డించి, అడుగున మిగిలినదానిని వంటింట నిలుచుండి తినుట ఆచారమైపోయినది. పప్పును కూరయు మగవారి కంచములలో ముగియును. ఆమెకు అన్నమును చారును మిగులును. రక్తహీనత లెక్కకు మూలములలో ఇదియు నొకటి కాదా? మితభోజన మను ఉపదేశము అధికముగా తినువానికే గాని ఆమెకు గాదు. వండినదెల్ల నడుమ నుంచి, సమానముగా పంచుకొని తినిన యింట ఒకరికి అతియు, ఒకరికి కొఱతయు నేకకాలమున తగ్గును.

తీరిక లేదను వారికి మా సూచనలు స్వల్పములు. రెండు పూటలలో ఒక పూట సంగటియో, కొర్రన్నమో, జొన్నరొట్టెయో ఉండనిండు. అన్నము తగ్గించి పప్పును ఆకుకూరను హెచ్చింపుడు. నిమ్మరసము ఇనుమును దేహమున కెక్కించును. భోజనమైన వెంటనే త్రాగు టీ దానిని అడ్డగించును. గావున ఒక గంట తాళుడు. ఉప్పు దినమునకు 5 గ్రాములు దాటరాదు. ఊరగాయలను, బజ్జీలను ఆ లెక్కలో చేర్పుడు. ప్రయాణమునకు పోవువారు వేయించిన చెనక్కాయలు, ఉడికించిన ఉలవలు పొట్లముగా కట్టుకొనవచ్చును. కంచము ముందు ఫోను పెట్టరాదను నియమమును పెద్దలు పాటించినగాని పిల్లలు పాటింపరు.

ప్రభుత్వమునకును ఒక మాట. 2023 మార్చిలో బడిపిల్లలకు రాగిజావ నిచ్చు ఏర్పాటు ఆరంభమైనది. అట్టివి పేర్లు మాఱినను నిలువవలెను. చట్టమున వ్రాసిన ముతక ధాన్యము డిపోలోనికి రావలెను. ఈ సీమ రైతు పండించిన రాగులను ఈ సీమ పిల్లల కొఱకే గిట్టుబాటు వెలకు కొనినచో పొలమును బాగుపడును, కంచమును బాగుపడును.

ఆకలితో పోరాడి గెలిచిన జాతి తొందరకు లొంగిపోరాదు. పూట కూటికై పరదేశములకు పోయి పాటుపడు ఈ సీమవారికి ఆ కూటిని నెమ్మదిగా, ఆలుబిడ్డలతో కూర్చుండి తిను హక్కు లేకపోవునా? ఆ హక్కును ఎవ్వరును తెచ్చి ఇయ్యరు. ఎవరి యింట వారే నేటి రాత్రి భోజనముతో దానిని చేకొనవలెను.