యాట కూర, జొన్న రొట్టె: గ్లూటెన్ లేని ఉమ్మడి వంట

వనపర్తి జిల్లాలోని ఖిల్లా ఘణపూర్ పరిసరాల్లో మాంసం వండిన పూట దానికి తోడుగా జొన్న రొట్టె చేసుకోవడం తరతరాల అలవాటు. ఈ జోడీలో గోధుమకు ఎక్కడా చోటు లేదు కనుక, నేడు నగరాల్లో గ్లూటెన్ లేని ఆహారమని అచ్చువేసి అధిక ధరకు అమ్ముతున్న భోజనం ఈ నేలమీద ఏ ముద్రా లేకుండానే ఉంటూ వచ్చింది. 13వ శతాబ్దంలో గోన గణపారెడ్డి కట్టించిన కొండకోట, గణపసముద్రం చెరువు ఈ ఊరికి చరిత్రలో పేరు తెచ్చాయి. అయితే చెరువు నీరు అందిన మేర వరి పండినా, పాలమూరు మెట్ట చెలకల్లో వాననే నమ్ముకున్న కుటుంబాల కడుపు నింపినవి జొన్న, సజ్జ, కొర్ర వంటి గింజలే. వాటి పక్కనే గొర్రెల, మేకల పెంపకం సాగింది. 2019 నాటి 20వ పశుగణనలో దాదాపు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. గ్లూటెన్ పడని మనిషి ఉన్న ఇంట్లో ఆలుమగలు కలిసి మాంసం వండుకోవలసి వచ్చినప్పుడు, పరాయి దేశాల వంటల పుస్తకాల కంటే ముందుగా చూడవలసింది ఈ పళ్ళెం వైపే.

గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే మాంసకృత్తుల సముదాయం. గోధుమపిండిని నీటితో కలిపి పిసికినప్పుడు ముద్దకు సాగే గుణం వచ్చేదీ, పూరీ పొంగేదీ, పరోటా పొరలు నిలిచేదీ దీనివల్లనే. సీలియాక్ వ్యాధి ఉన్నవారి శరీరంలో ఈ పదార్థం రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి, ఆ వ్యవస్థ తమ చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీసేలా చేస్తుంది. ఆ పొరమీద పోషకాలను పీల్చుకునే సన్నని వేళ్ళవంటి నిర్మాణాలు అరిగిపోవడంతో విరేచనాలు, బరువు తగ్గడం, రక్తహీనత, పిల్లల్లోనైతే ఎదుగుదల మందగించడం కనిపిస్తాయి. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను బయటపెట్టినవాడు నెదర్లాండ్స్ దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1944–45 చలికాలపు కరువులో రొట్టె దొరకనప్పుడు తేరుకున్న పిల్లలు రొట్టె రాగానే మళ్ళీ జబ్బుపడటం ఆయన అంతకుముందు నుంచే చేస్తున్న పరిశీలనలకు బలమిచ్చింది. 1950లో ఆయన సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ విషయాన్ని వైద్యలోకం ముందుంచింది.

దేశంలోని వేర్వేరు ప్రాంతాల్లో ఇరవై మూడు వేలమందికి పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనం, ఈ వ్యాధి ఉత్తరాదిన సుమారు నూటికి ఒకరిలో, దక్షిణాదిన వెయ్యికి ఒకరిలో ఉన్నట్టు చూపింది. జన్యుపరమైన అవకాశం ఉన్నా దక్షిణాదిన గోధుమ తినడం ఎంతో తక్కువ కావడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణమని ఆ పరిశోధకులు భావించారు. తెలుగు జిల్లాల్లో ఈ జబ్బు అరుదన్న మాట నిజమే కాని, ఆ అరుదైన మనిషి ఇంట్లోనే ఉన్నప్పుడు సగటు లెక్కలు ఊరటనివ్వవు. పైగా భోజనం మారింది. 1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం, తరువాత జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల కింద పారిన నీళ్ళు జొన్నను పళ్ళెంలో వెనక్కి నెట్టి అన్నాన్ని ముందుకు తెచ్చాయి. బియ్యంలో గ్లూటెన్ లేదు కనుక ఆ మార్పు ఈ రోగికి చేటు చేయలేదు. చేటు చేసేవి ఆ వెనుక వచ్చిన మైదా పరోటాలు, బిస్కెట్లు, బొంబాయి రవ్వ ఉప్మా, రాత్రిపూట అన్నం మానేసి తినే చపాతీలు.

జొన్న రొట్టెను, మాంసాన్ని ఒకే పూట తెమల్చడానికి ఇద్దరు మనుషులు కావాలనడానికి కారణం జొన్నపిండి స్వభావంలోనే ఉంది. జొన్నలో ఉండే కాఫిరిన్ అనే మాంసకృత్తుకు గోధుమ గ్లూటెన్‌లా సాగే శక్తి లేదు కాబట్టి, ముద్ద నిలవాలంటే మరిగిన నీళ్ళు పోసి పిండిలోని గంజి పదార్థాన్ని కొంత ఉడికించి జిగురు తెప్పించాలి. దాదాపు పిండితో సమానంగా నీళ్ళు పడతాయి. వేడి చేతికి ఓర్చుకోగలిగేంత తగ్గగానే మడిచి మడిచి పిసికి, ఒక రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని, పొడిపిండి చల్లిన పీటమీద అరచేత్తో తడుతూ తిప్పాలి. కలిపిన ముద్దను ఊరికే ఉంచితే ఆరి అంచులు పగులుతాయి, కాల్చిన రొట్టె చల్లారితే బిరుసెక్కుతుంది. పెంకమీద వేసి, పైభాగానికి తడిగుడ్డతో నీళ్ళద్ది, తిరగేసి, పొంగగానే పళ్ళెంలోకి చేర్చవలసిన ఈ పనిలో ఉన్న మనిషికి పక్క పొయ్యిమీది కూర అడుగంటుతున్నదో లేదో చూసే తీరిక దొరకదు.

ఆ రెండో పొయ్యి బాధ్యత భర్త తీసుకోవడం తెలంగాణ పల్లెల్లో వింత కాదు. దావతుల్లో, చెట్ల కింది వంటల్లో యాటను కోసేదీ, పెద్ద గిన్నెల్లో వండేదీ ఎక్కువగా మగవారే. ఊరిముందు అంత నేర్పుగా వండే చేయి ఇంటి వంటగదిలో మాత్రం పని లేకుండా ఉండిపోవడం న్యాయం కాదు. ఇద్దరికి సరిపడే అరకిలో ఎముకల యాట మాంసానికి ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, ఉల్లిపాయలు ఎర్రగా వేగాక వేసి, అది వదిలిన నీరంతా ఇగిరి నూనె తేలేదాకా వేయించడం ఈ కూరకు ప్రాణం. ఆ తరువాత కారం, వేడినీళ్ళు పోసి సన్నని మంటమీద ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికించి, చివర వేయించి దంచిన ధనియాలు, ఎండుకొబ్బరి వేస్తారు. పులుసు చిక్కబడటానికి ఇక్కడ మైదా అక్కరలేదు. కొబ్బరి, గసగసాలు, పాలమూరు చెలకల్లో పండే పల్లీలు ఆ పని చేస్తాయి. పుంటికూర వేసినా, చింతచిగురు వేసినా, యాటకు బదులు నాటుకోడి వండినా, తలకాయ, బోటి వండినా ఇదే వరస. కూర సగం ఉడికాక రొట్టెలకు నీళ్ళు పెడితే రెండూ ఒకేసారి పళ్ళెంలోకి వస్తాయి.

మాంసంలో గాని, జొన్నలో గాని లేని గ్లూటెన్ ఇంటికి వచ్చేది దారిలోనే. అన్నిటికంటే పెద్ద ప్రమాదం గిర్నిలో ఉంటుంది, ఎందుకంటే గోధుమలు పట్టిన రాళ్ళ మధ్యనే జొన్నలు పోస్తే ముందటి పిండి ఇందులో కలుస్తుంది. గ్లూటెన్ లేనిదని చెప్పుకునే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి అది ఉండరాదని కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణాలూ, భారత ఆహార భద్రతా నిబంధనలూ చెబుతున్నాయి. ఆ హద్దు దాటడానికి గిర్ని రాళ్ళకు అంటిన పిండి చాలు. కాబట్టి జొన్నలను కడిగి ఆరబెట్టి ఇంట్లోనే చిన్న మరలో ఆడించుకోవడం, లేదా గోధుమ పట్టని గిర్నిని వెతుక్కోవడం మేలు. అంగట్లో దొరికే ఇంగువ పొడిలో మైదా కలపడం మామూలే. మాంసానికి ఇంగువ వాడకపోయినా అదే ఇంటి చారు పోపులో అది పడుతుంది. సోయా సాస్ తయారీలో గోధుమ ఉంటుంది, బండిమీది చికెన్ పకోడీకి మైదా పట్టిస్తారు, 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ హలీం అసలు గోధుమ, మాంసం కలిపి మెదిపిన వంటకం. ఇంట్లో కోడి వేపుడుకు కరకరలాడే పూత కావాలంటే బియ్యప్పిండి సరిపోతుంది. పూరీలు కాల్చిన నూనెలో దాన్ని వేయించకూడదు, చపాతీలు ఒత్తిన పీటను రొట్టెకు వాడకూడదు.

ఈ జాగ్రత్తలు ఒక్కరే పాటించగలిగినవి కావు. రోగికి వేరే గిన్నె, వేరే రొట్టె పెట్టి మిగతావారు చపాతీలు తినే ఇంట్లో ఒక గరిటె అటునుంచి ఇటు మారడం ఎంతసేపు? అంతకుమించి, సొంత ఇంట్లో వేరుపడి తినడం మనిషిని లోలోపల నొప్పిస్తుంది. దంపతులిద్దరూ ఒకే కూర, ఒకే రొట్టె తినడం వల్ల పొరపాటుకూ, ఆ బాధకూ ఒకేసారి తెర పడుతుంది.

మాంసానికి ఈ భోజనంలో రుచిని మించిన పాత్ర కూడా ఉంది. ఇనుము శరీరంలోకి చేరేది ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగంలో, సీలియాక్ వ్యాధి ముందుగా దెబ్బతీసేదీ అదే చోటును. అందువల్లనే ఈ రోగుల్లో చాలామంది రక్తహీనతతో వైద్యుని దగ్గరకు వస్తారు. మాంసంలోని ఇనుము గింజల్లోని ఇనుము కంటే సులభంగా ఒంటికి పడుతుంది, పక్కనున్న జొన్నలోని ఇనుమును గ్రహించడానికీ తోడ్పడుతుంది. గర్భిణులు తప్ప మిగతావారు అప్పుడప్పుడు కార్జం వండుకోవడం ఈ దృష్టితో మంచిదే.

అయితే అనుమానం రాగానే గోధుమ మానేయడం సరికాదు. గ్లూటెన్ తింటున్న రోజుల్లోనే రక్తంలోని ప్రతిదేహాల పరీక్ష, పేగు పొర ముక్క పరీక్ష నమ్మదగిన ఫలితమిస్తాయి. ముందే మానేస్తే పొర మానుకుని జబ్బు దొరకకుండా పోవచ్చు, గోధుమ అలర్జీ వంటి వేరే సమస్యతో కలగాపులగం కావచ్చు. వ్యాధి ఖాయమైన మనిషి తోబుట్టువులకు, తల్లిదండ్రులకు, పిల్లలకు కూడా రక్తపరీక్ష చేయించాలని వైద్యులు సూచిస్తారు, ఎందుకంటే లక్షణాలేవీ కనిపించకపోయినా దగ్గరి రక్తసంబంధీకుల్లో ఈ వ్యాధి ఉండే అవకాశం ఇతరులలో కంటే ఎక్కువ.