అక్షరం మార్చలేదు, అయినా సైటు ఆగింది

ప్రోగ్రాములో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. నిన్నటి వరకు చక్కగా నడిచిన వెబ్‌సైటు కొత్త కంప్యూటరులోకి మార్చగానే ఆగిపోయింది. 2023 అక్టోబరు తొలి రోజులలో అనేక దేశాల ప్రోగ్రామర్లకు ఎదురైన అనుభవం ఇది. తెరమీద కనిపించిన ఫిర్యాదు ఒక్కటే: వెర్క్‌జోయిగ్ అనే లైబ్రరీ నుంచి ‘యూఆర్ఎల్ కోట్’ అనే పేరును తెచ్చుకోవడం సాధ్యం కాలేదని. తమ ప్రోగ్రాములో ఆ పేరు ఎక్కడా రాయనివారికి ఆ ఫిర్యాదు అర్థం కాకపోవడంలో వింత లేదు.

సరిహద్దు పల్లెల నుంచి బెంగుళూరుకో, చెన్నైకో వెళ్లి ఈ పని చేస్తున్న పిల్లలు నేడు చాలా ఇళ్లలో ఉన్నారు. ఊళ్లో ఉన్న రోజులలో పాల సంఘానికో, బడికో ఒక చిన్న సైటు కట్టిపెట్టి, ఆపైన ఉద్యోగానికి వెళ్లిపోయిన పిల్లలూ ఉంటారు. పాల లెక్కల సైటు ఆగిందంటే పాలు పోసినవారికి ఇవ్వవలసిన డబ్బు లెక్క తేలదు. ‘ఏం ముట్టుకున్నావురా?’ అని పెద్దలు అడుగుతారు. ‘ఏమీ ముట్టుకోలేదు’ అంటాడు కుర్రవాడు. ఆ మాట ఎవరూ నమ్మరు గాని, అది నిజమే.

ఆగిపోయిన ఆ సైట్లన్నీ ఫ్లాస్క్ అనే చట్రం మీద కట్టినవి. పైథాన్ భాషలో వెబ్‌సైట్లు నిర్మించేవారికి సిద్ధంగా దొరికే చట్రాలలో ఇది ఒకటి. ఆస్ట్రియాకు చెందిన ఆర్మిన్ రోనాచర్ దీనిని 2010లో రూపొందించాడు. చూడడానికి ఒకే వస్తువులా కనిపించినా ఫ్లాస్క్ తన పనిలో ఎక్కువ భాగాన్ని ఇతర లైబ్రరీలకు అప్పగిస్తుంది. చూపరి బ్రౌజరు నుంచి వచ్చిన అభ్యర్థనను విప్పి చదివేది వెర్క్‌జోయిగ్. జర్మన్ భాషలో ఈ మాటకు పనిముట్టు అని అర్థం. పేజీల అచ్చులను నింపేది జింజా. జింజా మళ్లీ మార్కప్‌సేఫ్ అనే మరొక దాని మీద ఆధారపడుతుంది. ఈ విధంగా ఒక లైబ్రరీని పిలిస్తే దాని వెనుక ఒక వంశవృక్షమే ఇంట్లోకి వస్తుంది.

ఈ లైబ్రరీలు ఏవీ ఒకచోట నిలిచి ఉండవు. లోపాలు సవరించుకుంటూ కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి. ప్రతి వెర్షన్‌కూ 2.2.3 వంటి మూడంకెల పేరు ఉంటుంది. చివరి అంకె మారితే చిన్న సవరణ. నడిమి అంకె మారితే కొత్త సౌకర్యం. మొదటి అంకె మారితే మాత్రం పాత పద్ధతులు కొన్ని పనిచేయకపోవచ్చునని హెచ్చరిక. ఈ ఆచారాన్ని నియమాల రూపంలో రాసిపెట్టినవాడు అమెరికాకు చెందిన టామ్ ప్రెస్టన్ వెర్నర్. అందరూ దీనిని తు.చ. తప్పక పాటిస్తారని చెప్పలేం, కాని పేరు చూసి సంగతి కొంత ఊహించవచ్చు.

వెర్క్‌జోయిగ్ 2.3 వెర్షన్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ‘యూఆర్ఎల్ కోట్’ను త్వరలో తీసివేస్తామని అందులోనే హెచ్చరిక ఉంది. అదే పని చేసే సాధనం పైథాన్‌లోనే ఉన్నందువల్ల దీని అవసరం తీరిపోయింది. 2023 సెప్టెంబరు 30న వెలువడిన 3.0 వెర్షన్‌లో చెప్పినట్లే దానిని తీసివేశారు. అదే రోజున ఫ్లాస్క్ 3.0 కూడా వచ్చింది. చిక్కంతా ఫ్లాస్క్ 2.2 వాడుతున్నవారికి వచ్చిపడింది. ఆ పాత ఫ్లాస్క్ లోపల ఆ పేరు వాడకంలో ఉంది. తనకు ఏ వెర్క్‌జోయిగ్ కావాలో చెప్పేచోట ‘2.2.2 గాని, అంతకు పైబడినది గాని’ అని మాత్రమే రాసి ఉంది. ఎంత వరకు పైబడవచ్చునో రాయలేదు. లైబ్రరీలను తెచ్చిపెట్టే పిప్ అనే సాధనం సాధారణంగా నియమాలకు లోబడినవాటిలో అతి కొత్తదానిని ఎంచుకుంటుంది. 3.0 అంకె 2.2.2 కంటే పెద్దదే కదా! దానినే తెచ్చి అమర్చింది. పాత కంప్యూటరులో పాత వెర్క్‌జోయిగ్ ఉంది గనుక అక్కడ సైటు యథాప్రకారం నడిచింది. కొత్తగా అమర్చినచోటనే ఆగింది.

దీనిని పెళ్లి ముహూర్తంతో పోల్చి చూడవచ్చు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలలో ఒక తెలుగు కుటుంబం, ఒక తమిళ కుటుంబం వియ్యమందుకుంటే రెండు పంచాంగాలు ముందుకు వస్తాయి. తెలుగువారు ఆషాఢం వద్దంటారు. తమిళులు ఆడినెల వద్దంటారు. ఆషాఢం చాంద్రమానాన్ని అనుసరించి ఏటా అటూ ఇటూ జరుగుతుంది. ఆడి సౌరమానం గనుక జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ వరకు స్థిరంగా ఉంటుంది. ఇటువైపు పుష్యం శూన్యమాసం, అటువైపు మార్గళి. ఇరువైపులవారూ కాదన్నవి తీసివేయగా మిగిలినవాటిలో తారాబలం కుదిరే రోజును వెతకాలి. తీరా ఆ రోజున కల్యాణమండపం ఖాళీ లేకపోతే మళ్లీ వెనక్కి వచ్చి ఇంకొక రోజు చూడాలి. పిప్ చేసేదీ ఇటువంటి వెతుకులాటే. ఒక లైబ్రరీలో ఒక వెర్షన్ ఎంచుకుంటుంది. అది కోరినవాటిని చూస్తుంది. ఎక్కడైనా పొసగకపోతే వెనుదిరిగి మరొకటి ప్రయత్నిస్తుంది.

ఇందులో రెండు రకాల తగాదాలు ఉన్నాయి. ఒకరు మాఘంలోనే కావాలని, మరొకరు మాఘంలో వీలుకాదని ముందే చెబితే తగాదా అప్పుడే బయటపడుతుంది. ముహూర్తం పెట్టరు, అంతే. ఒకరు ‘మాఘం తర్వాత ఎప్పుడైనా సరే’ అని చెప్పి, ఆషాఢం సంగతి చెప్పడం మరచిపోతే శుభలేఖలు అచ్చయిన తర్వాతగాని గొడవ మొదలు కాదు. ఫ్లాస్క్ 2.2 విషయంలో జరిగింది ఈ రెండవదే. రాసిన షరతులన్నీ కుదిరాయి. పిప్ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. ఆ తర్వాత ‘పిప్ చెక్’ అనే ఆదేశం ఇచ్చినా అంతా సవ్యంగా ఉందనే వచ్చేది. ఆ ఆదేశం చూసేది రాసిన షరతులనే తప్ప లోపలి ప్రోగ్రామును కాదు.

ఆ వారంలో నోటినోటా వ్యాపించిన చిట్కా ఒకటి ఉంది. సైటుకు కావలసిన లైబ్రరీల జాబితా ఉండే ‘రిక్వైర్‌మెంట్స్’ ఫైలులో వెర్క్‌జోయిగ్ కచ్చితంగా 2.2.2 కావాలని ఒక వరుస చేర్చడమే ఆ చిట్కా. సైటు వెంటనే లేచింది. చాలామంది అంతటితో ఆగిపోయారు. అయితే ఇక్కడ ఒక సంగతి మరుగున పడింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 2.2.3 వెర్షన్ ఒక భద్రతా లోపాన్ని సవరించింది. ఫారం ద్వారా వచ్చే సమాచారంలో లెక్కలేనన్ని ముక్కలు పంపి సర్వరు జ్ఞాపకశక్తిని, శ్రమను హరించివేసే అవకాశం అంతకు ముందరి వెర్షన్లలో ఉండేది. 2.2.2 అని బిగించినవారు మూసిన కిటికీని తమ చేతులతో తామే మళ్లీ తెరిచినట్లయింది. ఆగిన సైటును లేపే తొందరలో ఈ మాట ఎవరికీ తట్టకపోవడం సహజమే. కాని పాలు పోసేవారి బ్యాంకు ఖాతాల వివరాలున్న సైటుకు ఆ తొందర మంచిది కాదు.

మెరుగైన దారి ఉంది. ఫ్లాస్క్‌ను అదే వరుసలోని 2.2.5కు తెచ్చి, వెర్క్‌జోయిగ్ ‘3 కంటే తక్కువ’ అని రాస్తే సరిపోతుంది. 2.2.5ను వెర్క్‌జోయిగ్ 2.3 వరుసతో పొసగేటట్లు సవరించి విడుదల చేశారు. అప్పుడు పిప్ 2.3 వరుసలో చివరిదైన 2.3.8ను తెస్తుంది. 2023 అక్టోబరులో 3.0.1లో జరిగిన ఒక భద్రతా సవరణ ఈ 2.3.8లో కూడా ఉంది. ఒక సంఖ్యకు మేకు కొట్టడం కంటే ఒక గట్టు కట్టి, గట్టుకు లోపల కదలనివ్వడం చాలా సందర్భాలలో క్షేమం. అయినా ఇది తాత్కాలికమే. పాత వరుసలకు సవరణలు ఏదో ఒకనాడు ఆగిపోతాయి.

అందుచేత ఎప్పటికైనా ఫ్లాస్క్ 3కు మారక తప్పదు. అక్కడ మొదటి రకం తగాదా ఎదురవుతుంది. ఫ్లాస్క్ 3 తనకు వెర్క్‌జోయిగ్ 3.0.0 గాని, ఆ పైది గాని కావాలంటుంది. జాబితాలో ఎప్పుడో రాసి మరచిపోయిన 2.2.2 వరుస అలాగే ఉంటుంది. రెండూ ఒకేసారి తీరవు గనుక పిప్ ‘రిజల్యూషన్ ఇంపాజిబుల్’ అంటే పరిష్కారం అసాధ్యం అని చెప్పి చేతులెత్తేస్తుంది. ఆ ఎర్ర అక్షరాలను చూసి భయపడనక్కరలేదు. వాటికి కొంచెం పైన ఎవరు ఏమి కోరారో వరుసగా రాసి ఉంటుంది: ఫలానా వెర్షన్‌ను వాడేవారే కోరారు, ఫలానాది ఫ్లాస్క్ కోరింది అని. తగాదాలో ఇరుపక్షాలవారి పేర్లు అక్కడే దొరుకుతాయి. వృక్షమంతా చూడదలచినవారికి ‘పిప్ డెప్ ట్రీ’ అనే చిన్న సాధనం ఉంది. ఏది దేనిని పిలిచిందో కొమ్మలు రెమ్మలుగా గీసి చూపుతుంది.

పాత వరుసను తీసివేసి ఫ్లాస్క్ 3కు మారినవారిలో కొందరికి 2023 అక్టోబరులో ఇంకొక దెబ్బ తగిలింది. సభ్యుల లాగిన్ వ్యవహారం చూసే ఫ్లాస్క్ లాగిన్ అనే లైబ్రరీ 0.6.2 వెర్షన్ కూడా వెర్క్‌జోయిగ్‌లో తీసివేసిన మరొక పేరును వాడుతోంది. అది కూడా తన షరతులలో పైహద్దు రాయలేదు. అది సవరించిన 0.6.3 వెర్షన్ ఆ నెలాఖరుకుగాని రాలేదు. ఆ నెల రోజులూ ముందుకు వెళ్లినవారు వెనక్కి రావలసి వచ్చింది. చట్రం కొత్త వెర్షన్ వచ్చిన రోజునే పరుగెత్తి మారనక్కరలేదనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. దాని చుట్టూ ఉన్న చిన్న లైబ్రరీలు ముందు సర్దుకోవాలి.

మరి ప్రతి లైబ్రరీ పైహద్దు రాస్తే పీడ వదలదా అన్న ప్రశ్న వస్తుంది. వదలదు. ఇరవై లైబ్రరీలు ఇరవై గట్లు కట్టుకుంటే, పొసగగల కొత్త వెర్షన్ వచ్చినా ఎవరో ఒకరు గట్టు తీసేవరకు అందరూ ఆగవలసిందే. లైబ్రరీ రాసేవారు షరతులను వదులుగా ఉంచడం, వాటితో సైటు కట్టేవారు తమ ఇంటివరకు కచ్చితంగా రాసుకోవడం న్యాయమైన పంపకం.

ఒకే లైబ్రరీని రెండు వెర్షన్లలో ఉంచుకుంటే పోలేదా అన్నది మరొక ప్రశ్న. జావాస్క్రిప్ట్‌లో ఎన్‌పీఎం సాధనం ఆ వెసులుబాటు ఇస్తుంది. ఎవరికి కావలసిన ప్రతిని వారి సంచిలోనే పెడుతుంది. సంచి బరువెక్కుతుంది, అది వేరే కథ. పైథాన్‌లో అది కుదరదు. ఒక అమరికలో ఒక పేరుకు ఒకే లైబ్రరీ ఉంటుంది. ఒకే యంత్రంలో రెండు వేర్వేరు సైట్లకు మాత్రం ‘వెన్వ్’ అనే ఏర్పాటుతో వేర్వేరు గదులు కట్టవచ్చు. 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచి ఇది పైథాన్‌తోనే వస్తోంది. పాల సంఘం సైటు, బడి సైటు ఒకే గదిలో కాపురం ఉంటే ఒకదానికి చేసిన మేలు మరొకదానికి కీడు కావచ్చు.

పిప్ కూడా మొదటినుంచి ఇంత బుద్ధిగా లేదు. 2020 నవంబరు 30న వచ్చిన 20.3 వెర్షన్‌కు ముందు అది ముందుగా ఎవరు అడిగితే వారి మాటే విని, తర్వాతివారి షరతు తప్పినా అమర్చి ఊరుకునేది. ఆ తర్వాతనే వెనుదిరిగి వెతకడం అలవాటయింది. ‘కొత్త పిప్ మొరాయిస్తోంది’ అని అప్పట్లో విసుక్కున్నవారు ఉన్నారు. నిజానికి తగాదా పాతదే. కొత్త పిప్ దానిని బయటపెట్టింది. ఈ వెతుకులాట కొన్నిసార్లు చాలాసేపు సాగుతుంది. షరతులు పెరిగేకొద్దీ చూడవలసిన జోడింపులు విపరీతంగా పెరగడమే కారణం. జాబితాలో ముఖ్యమైనవాటికి హద్దులు రాసిపెడితే ఆ శ్రమ చాలా తగ్గుతుంది.

ఇంతకూ ఊళ్లో ఉన్న సైటుకు నేడు చేయవలసింది ఒకటుంది. అది ఆగిన తర్వాత కంటే నడుస్తున్నప్పుడే చేయాలి. ‘పిప్ ఫ్రీజ్’ అనే ఆదేశం ఇస్తే ఆ యంత్రంలో ఉన్న ప్రతి లైబ్రరీ, దాని కచ్చితమైన వెర్షన్ జాబితాగా వస్తాయి. ఆ జాబితాను ప్రోగ్రాముతో పాటు దాచాలి. మనుషులు చేతితో రాసుకునే వదులైన జాబితా ఒకటి, యంత్రం రాసిన బిగువైన జాబితా ఒకటి, రెండూ ఉండాలి. కొత్తచోట అమర్చేటప్పుడు రెండవది వాడాలి. నెలకో రెండు నెలలకో ఒకసారి మొదటిదాని ఆధారంగా వేరే గదిలో కొత్త వెర్షన్లు అమర్చి, పేజీలన్నీ తెరిచి చూసి, బాగుంటే బిగువు జాబితాను తిరగరాయాలి. ఇది చేయకపోతే 2.2.2 కథే పునరావృతమవుతుంది.

నెట్ సరిగా అందని ఊళ్లలో ‘పిప్ డౌన్‌లోడ్’ ఆదేశంతో ఆ లైబ్రరీలన్నింటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించి ఉంచుకోవచ్చు. మార్కప్‌సేఫ్ వంటివాటిలో యంత్రాన్ని బట్టి తయారుచేసిన భాగం ఉంటుంది గనుక, ఎక్కడ వాడబోతున్నారో అదే రకం యంత్రంలో, అదే పైథాన్ వెర్షన్‌తో దించాలి. పెన్‌డ్రైవ్ మీద పైథాన్ వెర్షన్, తేదీ రాసిన చీటీ అతికించి సంఘం బీరువాలో పెట్టాలి. పాత కంప్యూటరును ఫార్మాట్ చేయించేది ఆ తర్వాతే.