చీటీ నిజమే, సరుకే వేరే: గ్రేడింగ్‌ని ఎంతవరకు నమ్మాలి?

ఈ ఎపిసోడ్ గోదావరిఖనిలో మా ఇంటి డాబా మీద కూర్చొని రికార్డ్ చేస్తున్నాను. మధ్యమధ్యలో వెనక నుంచి బొగ్గు బండి చప్పుడు వస్తుంది, ఏమనుకోకండి. ఈరోజు చెప్పబోయే ముచ్చటకి ఆ బండితో సంబంధం ఉంది కూడా.

ముందుగా నా సంగతి చెప్తాను. నాకు కామిక్స్ పిచ్చి. పోయిన ఏడాది ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర పాత స్పైడర్‌మ్యాన్ కామిక్ ఒకటి కొన్నాను. 14,000 రూపాయలు. అది నేను సాయంత్రాలు డెలివరీలు చేసి, ఆరు నెలలు దాచుకున్న పైసలు. అంత పెట్టి ఎందుకు కొన్నావంటే, అది గ్రేడ్ అయిన కామిక్. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి, పైన లేబుల్ మీద 9.8 అని ఉంది. లేబుల్ మీది నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూశాను. అదే కామిక్, అదే గ్రేడ్ వచ్చింది. ఇంకేం కావాలి, పైసలు కొట్టేశాను.

మూడు వారాలకు ఒక దోస్త్ ఇంటికొచ్చి డబ్బాని లైట్ కింద పెట్టి చూశాడు. అంచు దగ్గర తెల్లగా, జిగురు ఆరినట్టు ఒక గీత ఉంది. వెబ్‌సైట్‌లో ఆ నంబర్‌కి ఫోటో కూడా ఉంది, నేనే అది తెరిచి చూడలేదు. ఫోటోలో కామిక్ మూలలు నాలుగూ సూదుల్లా ఉన్నాయి. నా చేతిలో ఉన్నదానికి కింది మూల మొద్దుబారి, మడత పక్కన రంగు రాలి ఉంది. లేబుల్ అసలుదే. లోపలి కామిక్ వేరేది. ఫోన్ చేస్తే ఎత్తలేదు, మెసేజ్ పెడితే బ్లాక్ చేశాడు.

అసలు ఈ గ్రేడింగ్ అంటే ఏమిటో తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్తాను. అమ్మేవాడు "నా సరుకు కొత్తదానిలా ఉంది" అంటాడు, కొనేవాడు నమ్మడు. అందుకే మధ్యలో మూడో మనిషి వస్తాడు. అమెరికాలో సీజీసీ అనే కంపెనీ 2000లో ఈ పని మొదలుపెట్టింది. కామిక్‌ని పరీక్షించి, 0.5 నుంచి 10 వరకు ఒక మార్కు ఇచ్చి, డబ్బాలో సీల్ చేస్తుంది. ఆ మార్కుని బట్టే ధర. 1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక, 9.0 గ్రేడ్‌ది, 2014లో 32 లక్షల డాలర్లకు అమ్ముడైంది. 2024లో 8.5 గ్రేడ్‌ది 60 లక్షల డాలర్లు పలికింది. అంత డబ్బు ఒక అంకె మీద నిలబడితే, ఆ అంకె చుట్టూ దొంగలు తిరగడంలో వింత లేదు.

2023 చివర్లో పెద్ద గొడవే బయటపడింది. డబ్బా పగిలితే, కామిక్‌ని మళ్లీ గ్రేడ్ చేయకుండా కొత్త డబ్బాలోకి మార్చే సర్వీసు ఒకటి ఉండేది. ఒక మోసగాడు ఏం చేశాడంటే, 9.8 డబ్బాని జాగ్రత్తగా తెరిచి, మంచి కామిక్ తీసుకొని, అంతకంటే తక్కువ రకం దాన్ని లోపల పెట్టి, "డబ్బా పాడైంది, మార్చండి" అని పంపాడు. కంపెనీ పాత లేబుల్‌ని చూసి, కొత్త డబ్బాలో పెట్టి, 9.8 అనే పంపించింది. అంటే మోసానికి సీల్ వేసింది కంపెనీయే, తనకు తెలియకుండా! తర్వాత అనుమానం ఉన్న మూడు వందలకు పైగా కామిక్‌ల జాబితాని ఆ కంపెనీయే బయటపెట్టాల్సి వచ్చింది.

సరే, ఇదంతా మా బాపుకి చెప్పాను, కొంచెం భయపడుతూనే. బాపు సింగరేణిలో సీహెచ్‌పీ దగ్గర పనిచేసి రిటైర్ అయ్యాడు. సీహెచ్‌పీ అంటే బాయి నుంచి వచ్చిన బొగ్గుని నలగ్గొట్టి వ్యాగన్లలోకి ఎక్కించే ప్లాంట్. తిడతాడనుకున్నాను. ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి ఒకటే అడిగాడు: "చీటీ మంచిదే బిడ్డా. చీటీకి, సరుక్కి నడుమ ఎవడున్నడు?"

ఆ ఒక్క మాటతో నాకు లైట్ వెలిగింది. ఎందుకంటే మన ఊరు బతికేదే గ్రేడ్ చీటీ మీద. బొగ్గుకి కూడా గ్రేడ్ ఉంటుంది!

ఒకప్పుడు ఏ నుంచి జీ వరకు అక్షరాలు ఉండేవి. 2012 జనవరి నుంచి పద్ధతి మారింది. కిలో బొగ్గు కాలిస్తే ఎన్ని కిలో క్యాలరీల వేడి వస్తుంది అనేదాని మీద జీ-1 నుంచి జీ-17 వరకు పెట్టారు. 7,000 దాటితే జీ-1. అక్కడి నుంచి 300కి ఒక మెట్టు దిగుతుంది. 4,301 నుంచి 4,600 వరకు జీ-10. 3,701 నుంచి 4,000 వరకు జీ-12. గ్రేడ్ దిగితే ధర దిగుతుంది.

ఇందులో మనకేం పోతుంది అంటారా? లెక్క చూడండి. జీ-10 అని డబ్బు కట్టిన కరెంటు ప్లాంటుకి జీ-12 వచ్చిందనుకుందాం. జీ-10 మధ్య విలువ సుమారు 4,450, జీ-12ది 3,850. అదే వేడి రావాలంటే 100 టన్నులు కాల్చే చోట 115 టన్నులకు పైనే కాల్చాలి. ఖర్చు పెరుగుతుంది, బూడిద పెరుగుతుంది. ఆ ఖర్చు తిరిగి తిరిగి కరెంటు బిల్లులోకి వస్తుంది. రామగుండం ఎన్టీపీసీ పక్కనే ఉండే మనకు బూడిద గురించి వేరే చెప్పాలా?

మరి గ్రేడ్ ఎవరు తేల్చాలి? బొగ్గు కంపెనీ "నాది జీ-10" అంటుంది, ప్లాంటు "కాదు, తక్కువ వచ్చింది" అంటుంది. దీన్నే గ్రేడ్ స్లిప్పేజ్ అంటారు. దేశమంతా ఉన్న తగాదానే ఇది. అందుకే ఇక్కడా మూడో మనిషిని తెచ్చారు. ధన్‌బాద్‌లో సింఫర్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది. మైనింగ్, ఇంధనాల మీద పనిచేస్తుంది. కరెంటు ప్లాంట్లకు పోయే బొగ్గు శాంపిల్ తీసే పని ఆ సంస్థకి ఇచ్చారు, సింగరేణిలో కూడా. 2018లో కోల్ ఇండియా బొగ్గు కోసం ఉత్తమ్ అనే యాప్ కూడా తెచ్చారు, ఈ మూడో మనిషి పరీక్షల ఫలితాలు జనం చూడటానికి.

ఇప్పుడు అసలు కష్టం వినండి. ఒక రేక్ అంటే 59 వ్యాగన్ల దాకా, సుమారు 4,000 టన్నులు. ల్యాబులో మిషన్‌లో పెట్టి కాల్చేది ఎంతో తెలుసా? ఒక గ్రాము! 400 కోట్ల గ్రాముల తరఫున ఒక్క గ్రాము సాక్ష్యం చెప్పాలి. ల్యాబు ఎంత నిజాయితీగా ఉన్నా, ఆ గ్రాము ఎక్కడి నుంచి వచ్చిందనేదే అసలు ప్రశ్న.

బాపు చెప్పేవాడు, బొగ్గు కుప్ప పోస్తే పెద్ద పెళ్లలు అంచులకు దొర్లుతాయి, పొడి మధ్యలో ఉంటుంది. ఒకచోట నల్లగా మెరిసే బొగ్గు, ఇంకోచోట బండ కలిసిన బొగ్గు. నీకు నచ్చిన చోట పార పెడితే నీకు కావాల్సిన గ్రేడ్ వస్తుంది. అందుకే ఏ వ్యాగన్‌లో తీయాలో మనిషి ఇష్టానికి వదిలిపెట్టరు, చాలాచోట్ల నుంచి కొంచెం కొంచెం తీస్తారు. దాన్ని నలగ్గొట్టి, కుప్ప పోసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు రెండు పాళ్లు ఉంచి మిగతా రెండు తీసేస్తారు. మళ్లీ కుప్ప, మళ్లీ నాలుగు పాళ్లు. చివరికి మిగిలినదాన్ని పంచి, ఒక భాగం సీల్ వేసి పక్కన పెడతారు. దాని పేరు రెఫరీ శాంపిల్. రేపు తగాదా వస్తే, ఆ సీల్ విప్పి వేరే ల్యాబులో చూస్తారు.

నాకు నచ్చింది ఈ రెఫరీ శాంపిలే. అంటే ఈ పద్ధతి పెట్టినవాళ్లు మూడో మనిషిని కూడా గుడ్డిగా నమ్మలేదు! తప్పు జరిగితే వెనక్కి పోయి చూసుకునే దారి ముందే పెట్టుకున్నారు. నా కామిక్‌కి అలాంటి దారి ఒకటి ఉండే, ఆ వెబ్‌సైట్ ఫోటో. నేనే చూడలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. తేడా వచ్చిన ప్రతిసారీ మోసం అనుకోవద్దు. వానలో తడిసిన బొగ్గు తేమ పట్టి తక్కువ వేడి ఇస్తుంది. లోడ్ చేసినచోట ఒకటి, దించినచోట ఇంకోటి రావచ్చు. కామిక్ సంగతైతే ఇంకా కష్టం, అది ఒక మనిషి కంటి చూపు. ఇవాళ 9.6 ఇచ్చినవాళ్లే మళ్లీ పంపితే 9.8 ఇచ్చిన సందర్భాలు ఉంటాయి. కొలిచేది వేరు, అంచనా వేసేది వేరు.

ఇంకో చిక్కు, ఫీజు ఎవరు కడతారు అనేది. కామిక్ గ్రేడింగ్‌కి పైసలు ఇచ్చేది కామిక్ పంపినవాడు, కొనేవాడు కాదు. 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు ఇదే కథ. అప్పుల మూటలకు మంచి రేటింగ్ ఇచ్చిన కంపెనీలకు ఫీజు ఇచ్చింది ఆ మూటలు అమ్మినవాళ్లే. ఫీజు తీసుకున్న ప్రతివాడూ దొంగ అని కాదు. కానీ ఎవరి జేబులోంచి పోతుందో మనకు తెలిసి ఉండాలి.

సరే అన్నా, నేను కామిక్స్ కొనను, బొగ్గు అసలే కొనను అంటారా? ఇంట్లో అక్క పెళ్లికో చెల్లె పెళ్లికో బంగారం కొంటారు కదా. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాలు, అంకెల హెచ్‌యూఐడీ నంబర్ ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకొని ఆ నంబర్ కొట్టండి. అయితే నాలాగ "నంబర్ వచ్చింది, చాలు" అని ఆగకండి. యాప్‌లో అది ఏ రకం నగ, ఎంత స్వచ్ఛత, ఏ హాల్‌మార్కింగ్ సెంటర్ అనేవి కనిపిస్తాయి. యాప్‌లో ఉంగరం అని ఉండి, మీ చేతిలో గొలుసు ఉంటే? చీటీ నిజమే, సరుకు వేరే. అక్కడికక్కడే అడగండి.

సెకండ్‌హ్యాండ్ ఫోన్ మీద "గ్రేడ్ ఏ" అని రాసి ఉంటే, అది చాలాసార్లు అమ్మేవాడు తనకు తాను వేసుకున్న మార్కే. మూడో మనిషి అక్కడ లేడు. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబర్‌ని బిల్లుతో, బాక్సుతో పోల్చండి. సంచార్ సాథీలో ఆ నంబర్ బ్లాక్ అయిందో లేదో చూడండి.

మొత్తంగా నేను నేర్చుకున్నది నాలుగు ప్రశ్నలు. గ్రేడ్ ఇచ్చింది నిజంగా మూడో మనిషేనా? వాళ్లకి పైసలు ఎవరిచ్చారు? గ్రేడ్ ఇచ్చినప్పటి సరుకు, నా చేతిలో ఉన్న సరుకు ఒకటేనా? తేడా వస్తే మళ్లీ పరీక్ష చేయించుకునే దారి ఉందా? నాలుగింటికీ జవాబు దొరకకపోతే పైసలు కొట్టకండి. "ఇప్పుడే తీసుకో, వేరేవాళ్లు అడుగుతున్నరు" అని తొందరపెడితే అసలే వద్దు.

ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి. ఎంత తొందరగా చెప్తే, పోయిన పైసలు ఆపడానికి అంత అవకాశం. నేను మూడు వారాల తర్వాత తేరుకొని, ఇంకో వారం సిగ్గుతో ఆగి చెప్పాను. నా 14,000 రాలేదు.

ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఎవరికన్నా అమ్మేయొచ్చు కదా అని ఒక దోస్త్ అన్నాడు. లేబుల్ అసలుదే కాబట్టి కొనేవాళ్లు దొరుకుతారు కూడా. బాపు పక్కనే ఉన్నాడు, ఏం మాట్లాడలేదు, నా దిక్కు చూశాడంతే. అమ్మలేదు. డబ్బా మీద మార్కర్‌తో "లోపలి సరుకు వేరే" అని పెద్దగా రాసి పెట్టాను.

మీకు ఇలాంటిది జరిగితే కింద రాయండి, ఎవరి పేర్లూ వద్దు, ఏం జరిగిందో చెప్తే చాలు. ఇంట్లో హాల్‌మార్క్ నగ ఉంటే ఈరోజే అమ్మతో కూర్చొని ఆ నంబర్ చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.