చదువు లేదా... మర్యాద లేదా?

స్పానిష్‌లో 'ఎదుకాసియోన్' అంటే విద్యే. ఇంట్లో నేర్పే మర్యాదకీ అదే మాట. అక్కడే వస్తుంది చిక్కు. బడి ముఖం చూడని పెద్దాయన గురించి చెబుతూ, 'నో ఎస్ ఎదుకాదో' అన్నారో... అంతే సంగతులు! ఆయనకి చదువు లేదని కాదు, సంస్కారం లేదని అన్నట్టు. పాపం, ఆయన నొచ్చుకోరూ! చదువుకోలేదని చెప్పాలంటే 'సిన్ ఎస్తూదియోస్' అనాలి. ఉద్యోగానికి పంపే బయోడేటాలో చదువుల వివరాలను 'ఫోర్మాసియోన్' అన్న శీర్షిక కింద రాస్తారు. బోధన 'ఎన్సెన్యాన్స', నేర్చుకోవడం 'అప్రెందిసాహె'. 'కొలేహియో' అని బోర్డు కనిపిస్తే కాలేజీ అనుకునేరు, స్పెయిన్‌లో అది పిల్లల బడి! డిగ్రీ చదువునేమో 'కరేర' అంటారు. పరుగుపందేనికీ అదే పేరు. ఎంట్రన్సుల కోసం పుస్తకాలు పట్టుకున్న మన పిల్లలకి ఇదేం వింతగా తోచదేమో!