కుటుంబ నియంత్రణ: ఎవరికి ఏ పద్ధతి?

మన గ్రామములలో కుటుంబ నియంత్రణ యనగానే పలువురకు ‘పిల్లల ఆపరేషన్’ ఒక్కటే స్ఫురించును, అదియు స్త్రీకే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది ఈ ఆపరేషన్ చేయించుకొన్నవారే. ఇక పిల్లలు చాలునని దంపతులు నిశ్చయించుకొన్నచో అది మంచి మార్గమే. కాని ఇరువదిరెండేండ్ల తల్లి విషయము వేరు. తరువాత మనసు మారినను, దురదృష్టవశమున బిడ్డ దక్కకపోయినను, తిరిగి గర్భము ధరించుట మిక్కిలి కష్టము. ఇంటి పెద్దలు తొందరపెట్టుటకు ముందు ఈ సంగతి ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము.

బిడ్డకు బిడ్డకు నడుమ ఎడము మాత్రమే కోరువారికి వేరు సాధనములు కలవు. కాపర్-టి అను చిన్న పరికరమును శిక్షణ పొందినవారు గర్భకోశములో అమర్చుదురు. కాన్పయిన 48 గంటలలోపల గాని, ఆరు వారముల తరువాత గాని అమర్చవచ్చును. 380-ఎ రకము పదేండ్లు పనిచేయును. వలదనుకొన్న నాడు తీయించుకొనవచ్చును. తొలి నెలలలో ముట్టు అధికము కావచ్చును గనుక రక్తహీనత గలవారు ముందుగా వైద్యునికి తెలుపవలెను. అది పైకి పాకి గుండెకు చేరునని కొందరందురు. గర్భకోశమునుండి గుండెకు అట్టి త్రోవయే లేదు.

‘మాలా-ఎన్’ మాత్రను ప్రతిదినము మరువక మ్రింగవలెను. పాలిచ్చు తల్లి తొలి ఆరు నెలలు దీనిని వాడరాదు; రక్తపోటు గలవారికిని తగదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన మందుతో చేయు ‘ఛాయ’ మాత్రలో హార్మోను లేదు. పాలిచ్చు తల్లియు వాడవచ్చును. మొదటి మూడు నెలలు వారమునకు రెండు, పిదప వారమున కొకటి చాలును. ‘అంతర’ సూదిమందు మూడు నెలల కొకసారి. దీనిని మానిన తరువాత గర్భము నిలుచుటకు కొన్ని నెలలు పట్టును.

ఇక పురుషుల మాట. నిరోధ్ గర్భమునే గాక సుఖవ్యాధులను కూడ అడ్డగించును. పురుషుని ఆపరేషన్‌కు పొట్టపై కోత లేదు; కొన్ని నిమిషములలో ముగియును. బలము తగ్గునని, పొలము పని చేయలేమని భయపడుటకు కారణము లేదు. అయిన పిదప మూడు నెలలు నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకొనవలెను. పై సర్వేలోనే ఈ మార్గమును ఆశ్రయించిన దంపతులు నూటికి ఒక్కరును లేరు. కాన్పుల కష్టము భరించిన ఇల్లాలే ఈ భారమును కూడ మోయవలెనా?

ఈ సాధనములు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా లభించును. భార్యాభర్తలు కలిసి వెళ్లి, వయస్సు, కాన్పులు, ఉన్న జబ్బులు దాచక చెప్పవలెను. ఒకటి ఒంటికి పడనిచో మరియొకటి అడుగుటకు సంకోచింపవలదు.